అక్షరం తప్పని నోరు

ముప్పై ఏళ్లకు పైగా నేను చెప్పకుండా దాచుకున్న మాట మూడు ముక్కలే. "కాగితాలు నేనే ఇచ్చిన." ఒక మధ్యాహ్నం పదిమంది చుట్టూ నిలబడి నన్ను అడిగారు. అప్పుడు చెప్పి ఉంటే ఒక మనిషికి కుడిచెయ్యి మిగిలేది. నెల తిరిగాక, గుంపూ కేకలూ ఏవీ లేనిచోట, అరుగు మీద కూర్చోబెట్టి మళ్లీ అడిగారు. అప్పుడు చెప్పి ఉన్నా అతనికి కనీసం పరువు మిగిలేది. రెండుసార్లూ చెప్పలేదు. చెప్పనందుకు నాకు పేరొచ్చింది, ఉద్యోగం వచ్చింది, రెండు మూడు శాలువాలు కూడా వచ్చాయి.

పోయిన నెలలో అచ్చాఫీసు నుంచి ఒక కట్ట వచ్చింది. మా పంతులుగారు రాసిన సంస్కృత మహాకావ్యం మళ్లీ అచ్చవుతోంది. మొదటి ముద్రణకు ఆయన రాసిన ముందుమాటను అలాగే ఉంచుతున్నారట. దాని కింద నన్ను నాలుగు వాక్యాలు రాయమన్నారు, ఆవిష్కరణ నాడు యుద్ధసర్గ చదవమన్నారు. కట్టకు చుట్టిన కాగితం మీద బంక ఇంకా ఆరలేదు. ఉడికిన మైదా వాసన, దాని వెనకే మైలుతుత్తం ఘాటు. ఆ వాసన ముక్కుకు తగలగానే చేతిలో కలం పక్కన పెట్టేశాను. ఆ రోజు ఒక్క వాక్యం కూడా రాయలేదు.

మాది సికింద్రాబాదు. మా నాయనకు మోండా మార్కెట్‌లో విస్తరాకుల దుకాణం. మా ఇంట్లో బట్టలకు కూడా ఎండిన మోదుగాకు వాసనే ఉండేది. నాకు వచ్చిన విద్య ఒక్కటే, ఒకసారి విన్నది మరిచిపోను. మార్కెట్‌లో వేలం పాడేవాడి మాటలన్నీ ఇంటికొచ్చి వాడి గొంతుతోనే అప్పజెప్పేవాణ్ణి. అది చూసి నాయన నన్ను బన్సీలాల్‌పేట్‌లో పంతులుగారి దగ్గరికి తీసుకుపోయాడు.

"మా ఇంటా వంటా సంస్కృతం వచ్చినోడు లేడు. వీనికన్న రానియ్యిండ్రి" అన్నాడు.

పంతులుగారు నాతో ఒక శ్లోకం అనిపించి విన్నారు. "నోరు మంచిదయ్యా" అన్నారు. అంతే, మర్నాటి నుంచి సంథకు పోతూ వచ్చాను.

మెట్లబావి పక్క గల్లీలో ఆయన ఇల్లు. తెల్లవారగానే అరుగు మీద నలుగురం కూర్చునేవాళ్లం. ఆయన ఒక పాదం చెబితే మేం దాన్ని పదిసార్లు తిప్పి చెప్పాలి. లెక్క తప్పకుండా ఒక్కొక్కరి ముందు పది చింతగింజలు. ఒకసారి అనగానే ఒక గింజ ఎడమ నుంచి కుడికి జరపాలి. నేను రెండుసార్లకే పట్టేసి, మిగిలిన ఎనిమిది గింజలూ ఒక్కసారే జరిపేసేవాణ్ణి. ఆయన చూసీ చూడనట్టు ఉండేవారు.

పాత మహాకావ్యాలు చెప్పేటప్పుడు ఆయన ఒక మాట తరచుగా అనేవారు. "ఈ కవుల ఊరు తెల్వదు. ఏ కాలపోళ్లో తెల్వదు. అమ్మ ఎవరు, అయ్య ఎవరు, ఏం తెల్వదు. తాటాకులు చెదలు తిన్నయ్, ఇండ్లు కాలినయ్. మరి మనదాక ఎట్లొచ్చిండ్రు? నోటి మీద వచ్చిండ్రు. నడుమల ఒక్కడు ఒక్క అక్షరం తప్పితే ఆ కవి ఆడ్నే సచ్చిపోతడు. గందుకే అక్షరం తప్పనోడు నా దృష్టిల హరిశ్చంద్రునోలె. వాని నోట అబద్ధం పుట్టదు."

ఈ నమ్మకం ఆయనకు ఎంత గట్టిగా ఉండేదో తర్వాత మీకు తెలుస్తుంది.

ఆయన సొంతంగా ఒక మహాకావ్యం రాస్తున్నారు, పద్దెనిమిది సర్గలు. మహాకావ్యమంటే దాంట్లో నగరం ఉండాలి, సముద్రం, కొండ, ఋతువులు, చంద్రోదయం, పెళ్లి, వేట అన్నీ ఉండాలి, చివరికి యుద్ధం ఉండాలి. ఒక్కో సర్గ పూర్తి కాగానే దాన్ని ఒక్కో శిష్యుడి నోటికి అప్పగించేవారు. కాగితం మీద ఒకటి, నోటి మీద ఒకటి. నా వంతుకు యుద్ధసర్గ అని ముందే చెప్పారు. కానీ అది మాత్రం రాయకుండా నాలుగేళ్లు వెనక్కి నెట్టుకుంటూ వచ్చారు.

రాసిన కాగితాలన్నీ కుట్టేది సాయిబు. మేం పిల్లలం ఆయన్ను చిచ్చా అనేవాళ్లం. అదే గల్లీ చివర పుస్తకాలకు జిల్దు కట్టే దుకాణం, వెనక ఇల్లు. తండ్రుల కాలం నుంచి ఆ వాడే, మాట మన తెలుగే. కుడిచేతి బొటనవేలి గోరు కొమ్ములా గట్టిగా ఉండేది. కాగితం మడిచి ఆ గోటితో ఒక్కసారి రుద్దితే మడత కత్తితో కోసినట్టు పడేది. ఎవరూ చెప్పకుండానే పంతులుగారి పుస్తకాలకు తోలు వాడేవాడు కాదు, ఎముకలు ఉడికించి చేసే సరేసు ముట్టేవాడు కాదు, గుడ్డా మైదా బంకే. చదువు రాదు. అందుకని పంతులుగారికి ఒక పద్ధతి నేర్పాడు. ప్రతి పేజీ అడుగున తర్వాతి పేజీలోని మొదటి మాట రాయాలి.

"ఈ కాగితం కాళ్ల కాడున్న బొమ్మ ఆ కాగితం నెత్తి మీద ఉండాలె. రెండు కలిస్తే నాకు చాలు. సదువెందుకు?" అనేవాడు.

కాగితాలు తీసుకుపోవడం నా పని. వెళ్లేసరికి బంక ఉడుకుతూ ఉండేది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపకముందే రెండు గరిటెలు పక్కకు తీసి, దాంట్లో బెల్లం వేసి గిన్నెలో ఇచ్చేవాడు. "ఇగో హల్వా. ఇంట్ల చెప్పకు. పంతులుకు అసల్ చెప్పకు. నీ సంస్కృతం మైల పడ్తది" అని నవ్వేవాడు. వేలితో తుడుచుకుని తినేవాణ్ణి. అంత రుచైన పదార్థం నాకు తర్వాత దొరకలేదు. బావి మెట్ల మీద యుద్ధాలాడుకోవడానికి మాకు అట్ట కత్తులు చేసిచ్చింది కూడా ఆయనే. నా కత్తికి వెండి కాగితం అంటించాడు.

సాయంత్రాలు పంతులుగారు అటుగా వస్తే దుకాణం గడప బయట మోడా మీద కూర్చునేవారు. ఇద్దరికీ ఒకటే పరాచికం.

"సముద్రం సర్గ కుట్టిన. సముద్రం చూసిండ్రా పంతులూ?"

"హుస్సేన్‌సాగర్ చూసిన."

"దాన్ల అలలేవి మరి?"

"రాసుకున్న."

"లడాయి సుత గట్లనే రాసుకోరాదు?"

పంతులుగారు నవ్వేవారు కాదు. "నీళ్లు కల్పించుకోవచ్చు సాయిబూ. నెత్తురు ఎట్ల కల్పించుకుంటం" అనేవారు.

కల్పించుకోవలసిన అవసరం ఆ ఏడు లేకపోయింది.

రాజు అండ చూసుకుని ఊళ్ల మీద పడి కొట్టి దోచే మనుషుల్ని మావాళ్లు పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. ఖాకీ అంగీలోళ్లు అనేవాళ్లు. ఎండాకాలం మొదలయ్యేసరికి ఊళ్లు విడిచిన జనం బన్సీలాల్‌పేట్ దాకా వచ్చారు. బావి మెట్ల మీద ఒక రైతు చెవి లేని తల కడుక్కుంటుంటే, నీళ్లు మెట్టు మెట్టుకూ పలచబడుతూ ఎర్రగా దిగడం చూశాను. మోండాలో వంకాయల కుప్ప మీద ఒక మనిషిని పడేసి లాఠీలతో కొట్టారు. వంకాయలు పగిలే చప్పుడూ ఎముకల చప్పుడూ వేరు చేసి చెప్పలేకపోయాను. నాయన నా తల తన కడుపుకు అదుముకుని ఆకులు లెక్కపెడుతూనే ఉన్నాడు. కొట్టినవాళ్లు పోయాక కూడా ఆ మనిషిని చాలాసేపు ఎవరూ లేపలేదు.

పంతులుగారి గల్లీలో కుస్తీలు నేర్పే తాలీం నడిపే పహిల్వాన్ ఉండేవాడు. ఏనుగులా ఉండే మనిషి, పిల్లలకు బాదంపప్పులు పంచేవాడు. అతని తమ్ముణ్ణి ఊరి నుంచి ఎడ్లబండి మీద తెచ్చారు. గోనెపట్టా కప్పారు కానీ కాళ్లు బయటికి ఉన్నాయి, అరికాళ్లు కాలిపోయి ఉన్నాయి. పహిల్వాన్ ఏడవలేదు. బండి చక్రానికి అంటిన నెత్తురు తన పైబట్టతో తుడిచి, ఆ బట్టను మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి తాలీంలో చిన్నపిల్లలను రానివ్వలేదు.

వానలు పడుతుండగా పంతులుగారు యుద్ధసర్గ రాశారు. అరవై రెండు శ్లోకాలు. తొమ్మిది రోజుల్లో రాశారు, తొమ్మిది రోజుల్లో నాకు సంథ చెప్పారు. గాయాలు పూచిన మోదుగు చెట్లు. తెగిపడిన తలలు రాలిన తాటిపళ్లు. నలభై ఒకటో శ్లోకంలో వీరుల చేతులు తెగి నెత్తుటి మడుగులో తేలుతుంటే, ఏనుగు తొక్కి తెంపిన తామరలనుకుని తుమ్మెదలు వచ్చి వాలతాయి. నాకు ఆ శ్లోకమంటే ప్రాణం. బావి మెట్ల మీద వెండి కత్తి తిప్పుతూ దాన్నే గొంతెత్తి చదివేవాణ్ణి. చిచ్చాకు కూడా చదివి వినిపించాను. అర్థం అడిగితే చెప్పాను.

"చెయ్యి తెగితే పువ్వెట్లయితది బేటా?" అన్నాడు ఆయన, దారానికి మైనం రాస్తూ.

"కవిత్వం చిచ్చా."

"అచ్చా."

భాద్రపదంలో పంతులుగారి ఇంట్లో సోదా జరుగుతుందని పుకారు పుట్టింది. కుటుంబాన్ని తీసుకుని ఆయన బెజవాడ పోవడానికి సిద్ధమయ్యారు. మిగతా సర్గలన్నీ ట్రంకులో పెట్టుకున్నారు. యుద్ధసర్గ మాత్రం వెంట తీసుకుపోవడానికి భయపడ్డారు. దాంట్లో ఒక రాజు ఓడిపోతాడు. రైల్లో సోదా చేస్తే ఆ రాజెవరని అడుగుతారు. స్టేషన్‌కు పోయే టాంగా ఎక్కుతూ ఎర్రగుడ్డలో చుట్టిన కాగితాలు నా చేతిలో పెట్టారు.

"సాయిబుకు ఇయ్యి. ఆయన ఇంట్ల ఎవరు సోదా చెయ్యరు. ఎవరన్న అడిగితే నాకు తెల్వదను. ఏది, అను."

"నాకు తెల్వదు."

"ఇంకోసారి."

"నాకు తెల్వదు."

ఆ సాయంత్రమే ఇచ్చాను. చిచ్చా ఆ కట్టను కళ్లకు అద్దుకుని, గుడ్డముక్కల పెట్టె అడుగున పెట్టాడు. ఖాకీ అంగీలోళ్లకు దొరికితే ఆయన పరిస్థితి ఏమిటని నేను ఆలోచించలేదు. ఆయన ఆలోచించే ఉంటాడు.

తర్వాత వారం రోజులకే పోలీస్ యాక్షన్. విమానాల మోత, మూసిన తలుపులు, పుకార్లు. ఆ తర్వాత తిరుమలగిరి వైపు మిలిటరీ బండ్లు వచ్చాయనీ, అంతా అయిపోయిందనీ కబురు. నాయన మొదటిసారి దుకాణం మూసి బంతిపూలు కొన్నాడు. నేను బండ్ల మీద పూలు విసిరి, గొంతు బొంగురుపోయేదాకా అరిచి, చేతిలో వెండి కత్తితో బన్సీలాల్‌పేట్ వైపు తిరిగొచ్చాను. పట్నంలో పెద్దగా ఏమీ జరగలేదని ఇప్పటికీ అంటారు. పెద్దగా జరగలేదేమో. పంతులుగారి గల్లీలో జరిగింది.

తాలీం ముందు పది పన్నెండు మంది గుమిగూడి ఉన్నారు, పహిల్వాన్ వెనక. నినాదాలు ఇస్తూ కదిలారు. పిల్లలు ఊరేగింపు వెంట పోయినట్టే నేనూ వెంటపడ్డాను. వాళ్లతో కలిసి అరిచాను. ఎక్కడికి పోతున్నామో నాకు తెలియదు. చిచ్చా దుకాణం ముందు ఆగాక తెలిసింది.

ఆయన బంక కలుపుతున్నాడు. "ఏం పహిల్వాన్, గింత మందితోని" అని లేచేలోపే ఆయన చెంప పగిలింది. ఇద్దరు లోపలికి పోయి సామాను బయటికి విసిరారు. గుడ్డముక్కల పెట్టె బోర్లించారు. ఎర్రగుడ్డ మూట దొరికింది.

పహిల్వాన్ ముడి విప్పాడు. పైన శ్రీకారం చూడగానే కాగితాలు కళ్లకు అద్దుకున్నాడు. తర్వాత అతని మొహం మారింది.

"మన శాస్త్రాలు. ఎవల ఇంట్ల లూటీ చేసినవ్?"

"లూటీ కాదు పహిల్వాన్. పంతులుగారివి. కుట్టేతందుకు ఇచ్చిండ్రు. చూడుండ్రి, ఈ కాగితం అడుగున మాట, నా కోసమే రాసిండ్రు, అదే మాట ఆ కాగితం నెత్తిన..." అంటూ వేలు పెట్టి చూపించబోయాడు.

"పంతులు బెజవాడ పోయి పదిరోజులాయె. చేతికొచ్చి ఇచ్చిపోయిండా?"

చిచ్చా చుట్టూ చూశాడు. నన్ను చూశాడు. ఆయన మొహంలో ఎంత నెమ్మది వచ్చిందో నేను ఇప్పుడు కూడా చెప్పగలను.

"ఇగో, ఈ పిల్లగాడే తెచ్చిచ్చిండు. అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. పహిల్వాన్ వంగి నా మొహంలో మొహం పెట్టాడు. "విస్తరాకుల సేటు కొడుకువు గదరా. నువ్వు తెచ్చిచ్చినవా? సాయిబింట్ల నీకేం పని?"

"నాకు తెల్వదు" అన్నాను.

పంతులుగారు నేర్పిన మాటే. చాలా ఏళ్లు నాకు నేను ఈ సమాధానమే చెప్పుకున్నాను. గురువు చెప్పమన్నది చెప్పాను, సంథ తప్పలేదు అనుకునేవాణ్ణి. అది నిజం కాదు. ఆ క్షణంలో నాకు పంతులుగారు గుర్తే లేరు. చిచ్చా చెంప పగిలిన చప్పుడు గుర్తుంది. ఆ గిన్నెలో హల్వా తిన్నానని తెలిస్తే నన్నేం చేస్తారోనని మాత్రమే అనుకున్నాను.

"తెల్వదంటుండు" అన్నారెవరో.

చిచ్చా నా చేతిలో కత్తి వైపు చూశాడు. "బేటా" అన్నాడు.

జిల్దు కట్టేవాళ్లకు శికంజా ఉంటుంది. రెండు చెక్కల మధ్య పుస్తకం పెట్టి మర తిప్పితే బిగిసే పనిముట్టు. ఎవరికి ఆ ఆలోచన వచ్చిందో నేను చూడలేదు. నలుగురు ఆయన్ను వంచి పట్టుకున్నారు. కుడిచెయ్యి మణికట్టు దాకా చెక్కల మధ్య పెట్టారు. పహిల్వాన్ తన చేతిలోని కాగితాలు జాగ్రత్తగా గడప మీద పెట్టి, మర తిప్పాడు. మొదటి రెండు చుట్లకు చిచ్చా దేవుణ్ణి తలుచుకుంటూ కలమా చదువుతున్నాడు. మూడో చుట్టుకు చదవలేదు. ఎండు మోదుగాకుల కట్ట మీద కాలు వేస్తే వచ్చే చప్పుడు వచ్చింది. పహిల్వాన్ తమ్ముడి పేరు పిలుస్తూ తిప్పుతూనే ఉన్నాడు. అతను అప్పుడు ఏడ్చాడు.

చెక్కల అంచు నుంచి కారింది పువ్వులా లేదు. మరే దానిలాగానూ లేదు.

పెనుగులాటలో ఎవరి కాలో కుంపటికి తగిలింది. నిప్పులు కాగితపు చెత్తలో పడ్డాయి. మంట నేల మీద పాకుతూ గడప దాకా వచ్చింది. యుద్ధసర్గ నా కాలికి జానెడు దూరంలో ఉంది. వంగితే చేతికందేది. కానీ దాన్ని తీసుకుంటే అది నాదని ఒప్పుకున్నట్టు. పైపేజీ ముడుచుకుంటూ నల్లబడింది. అడుగున ఉన్న మాట చివరిగా కాలింది.

జనం చెదిరిపోయారు. పక్కింటివాళ్లు వచ్చి మర విప్పారు. నేను పరుగెత్తుకుపోయి, వెండి కత్తిని మెట్లబావిలో విసిరేశాను. అది అట్ట కదా, మునగలేదు.

దసరా వెళ్లాక పంతులుగారు తిరిగొచ్చారు. సర్గ ఎక్కడని అడిగారు. దుకాణం కాలిన సంగతి ఆయనకు అప్పటికే తెలుసు. జరిగింది చెబితే, "నువ్వక్కడే ఉన్నవా? మరి ఎందుకు చెప్పలే?" అంటారని నాకు భయం. చిచ్చాకు ఇవ్వకముందే, దారిలో ఖాకీ అంగీలోళ్లు గుంజుకున్నారని చెప్పాను. ఆ రోజుల్లో అది అందరూ నమ్మే మాట.

ఆయన ఇంకా ఆశ్చర్యంలో ఉండగానే చిచ్చా వచ్చాడు. కుడిచెయ్యి పాత తలపాగా గుడ్డలో చుట్టి మెడకు కట్టుకున్నాడు. అరుగు కింద నిలబడ్డాడు.

"మాఫ్ చెయ్యిండ్రి పంతులూ. పిల్లగాడు పైలంగనే తెచ్చిచ్చిండు. నేనే కాపాడలేకపోయిన. మీ సర్గ నా గడప మీదనే కాలిపోయింది."

నన్ను పట్టించడానికి రాలేదు. మాఫీ అడగడానికి వచ్చాడు.

పంతులుగారు నా వైపు తిరిగారు. "ఏమిరా, నువ్వు ఇయ్యలేదంటివి గద."

అక్కడ పహిల్వాన్ లేడు. ఇప్పుడు నిజం చెబితే నాకు పోయేది పంతులుగారి మెప్పు ఒక్కటే.

"నేనియ్యలే" అన్నాను.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత, తనకు తెలిసిన ఒకే ఒక్క పరీక్ష పెట్టారు. "సర్గ చదువు" అన్నారు.

చదివాను. చింతగింజలు లేవు, కాగితం లేదు. చిచ్చా కింద నిలబడే ఉన్నాడు, ఎవరూ కూర్చోమనలేదు. మోదుగుపూలు వచ్చాయి, తాటిపళ్లు వచ్చాయి. నలభై ఒకటో శ్లోకం వచ్చింది. దాని అర్థం ఆయనకు తెలుసు, నేనే చెప్పాను కదా. గుడ్డలో ఉన్న తన చేతి వైపు ఒకసారి చూసుకుని మళ్లీ నా మొహం చూశాడు. నా గొంతు వణకలేదు. ఒక్క అక్షరం తప్పలేదు. ఆ గొంతు అక్కడ వణికి ఉంటే నన్ను నేను ఇంతకన్నా కొంచెం క్షమించుకోగలిగేవాణ్ణి.

అరవై రెండూ పూర్తయ్యేసరికి పంతులుగారి కళ్ల నీళ్లు కారుతున్నాయి. నా తల మీద చెయ్యి పెట్టారు.

"అక్షరం తప్పని నోరు అబద్ధమాడదు" అన్నారు. తర్వాత చిచ్చా వైపు చూడకుండా, "పన్నెండేండ్లు నీకు నా పుస్తకాలు అప్పజెప్పిన సాయిబూ. వాండ్లు గుంజుకున్న కాగితాలు నీ ఇంటికెట్లొచ్చినయో నేనడగ. ఇగ నువ్వు రాకు" అన్నారు.

చిచ్చా మెడకున్న గుడ్డ సర్దుకున్నాడు. "మంచిగ చదివిండు" అన్నాడు. వెళ్లిపోయాడు.

పంతులుగారు మళ్లీ ఎవరి దగ్గరా పుస్తకం కుట్టించలేదు. కాగితాలు విడివిడిగా గుడ్డలో కట్టుకునేవారు. నా నోటి నుంచి సర్గ మళ్లీ రాసుకున్నారు. పుస్తకం అచ్చయినప్పుడు ముందుమాటలో రెండు సంగతులు రాశారు. ఒక జిల్దుకారుడి ద్రోహం వల్ల యుద్ధసర్గ మంటల పాలయిందని, ఒక పసివాడి నాలుక దాన్ని బతికించిందని. ఆ ముందుమాట చూసే నాకు కాలేజీలో ఉద్యోగం ఇచ్చారు. గల్లీలో చిచ్చాకు పుస్తకాల దొంగ అన్న పేరు ఉండిపోయింది. ఎడమచేత్తో పచారీ కొట్లకు కాగితపు పొట్లాలు చేసి బతికాడని విన్నాను. నేను ఆ వీధిలోకి పోవడం మానేశాను. పంతులుగారు పోయిన రోజున కూడా వెనక సందులో నుంచే వెళ్లాను.

అచ్చాఫీసు కట్ట వచ్చిన నాలుగో రోజు వెళ్లాను. మెట్లబావి సగం చెత్తతో నిండిపోయి ఉంది. గల్లీ చివర దుకాణం లేదు, వెనక ఇల్లు ఉంది. చిచ్చా కూతురు తలుపు తీసి, లోపలికి తిరిగి, "అబ్బాజాన్, ఎవరో పంతులొచ్చిండు" అంది.

మంచం మీద కూర్చున్న ముసలాయన తల ఎత్తాడు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది, ఎండిన అల్లంకొమ్ములా. బొటనవేలికి గోరు లేదు.

"చిచ్చా" అన్నాను.

"పంతులు శిష్యునివి. మొఖం పోల్చుకోలే. గొంతు గట్లనే ఉంది. కూసో."

కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా. ఆయన మధ్యలో ఆపలేదు. అయిపోయాక గ్లాసుతో నీళ్లిప్పించాడు.

"గిదంతా నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా? నాకు తెల్వదా? నేనక్కడనే ఉంటి గద. తెల్వనోళ్లకు చెప్పు."

"పుస్తకం మళ్లీ అచ్చవుతున్నది. దాంట్ల రాస్త చిచ్చా."

"నాకు చదువ రాదు. ఈ గల్లీల సగం మందికి రాదు. నువ్వు నోటితోని అన్నవ్. నోటితోనే చెప్పు."

కూతురు గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె కళ్లల్లోకి నేను చూడలేదు. బయటికి వస్తుంటే ఆమె నెమ్మదిగా అంది, "మా పెండ్లిళ్లప్పుడు సుత అడిగిండ్రు. దొంగోని బిడ్డలు కాదా అని."

ఆవిష్కరణ మొన్న జరిగింది. ముందు వరసల్లో పండితులు, పంతులుగారి బంధువులు, నా దగ్గర చదువుకున్నవాళ్లు. వెనక గోడ దగ్గర, కుర్చీల చివర, చిచ్చా, ఆయన కూతురు. నేనే టాక్సీ పంపాను. వస్తారనుకోలేదు. నన్ను పరిచయం చేసినాయన పాత కథే చెప్పాడు, మంటలు, ద్రోహం, పసివాడి నాలుక. చప్పట్లు కొట్టారు. శాలువా తెచ్చారు, తర్వాత కప్పమని చెప్పి లేచాను.

కాగితం లేకుండానే మొదలుపెట్టాను. నలభై శ్లోకాలు చదివాను. తుమ్మెదలు వాలే శ్లోకం దగ్గరికి వచ్చేసరికి ఆగాను. మరిచిపోయాననుకుని ముందు వరసలో ఒకాయన మొదటి పదం అందించాడు. నేను మరిచిపోలేదని చెప్పాను. పంతులుగారు రాసిన చోట ఈ చేతులు తామరలని, నేను చూసిన చోట అది ఒక మనిషి చెయ్యేనని చెప్పాను. శికంజా గురించి చెప్పాను. ఎవరు మర తిప్పారో చెప్పలేదు, ఎవరు నోరు మూసుకున్నారో చెప్పాను. రెండుసార్లు అడిగారని, రెండుసార్లూ నేనేమన్నానో చెప్పాను. నిర్వాహకుడు వెనక నుంచి నా చొక్కా పట్టి లాగాడు. సభలో ఎవరో లేచి వెళ్లిపోయారు. పంతులుగారి పెద్దకొడుకు తల వంచుకుని కూర్చున్నాడు.

అప్పుడు వెనక గోడ వైపు తిరిగి, సంథ చెప్పేటప్పటి గొంతుతో, చివరి కుర్చీ దాకా వినపడేట్టు చెప్పాను.

"చిచ్చా, కాగితాలు నేనే ఇచ్చిన. నువ్వు దొంగవు కాదు. నేను అబద్ధమాడిన. నన్ను మాఫ్ చెయ్యి."